చిన్నమ్మ అనని మాట

గడిచిన బుధవారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయిందంట" అన్నాడు. పత్తి చేనులోంచి వచ్చి అరుగు మీద కూర్చుందట, నీళ్లడిగిందట, పక్కింటావిడ చెంబు తెచ్చేలోపే ఒరిగిపోయిందట. నేను వనపర్తిలో మా ఆఫీసులో ఒక నగల దుకాణం ప్రకటనకు రంగులు దిద్దుతున్నాను. కంప్యూటర్ ఆపడం కూడా మరిచి బస్సెక్కాను.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. ఈ వేసవి చివర్లో గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు ఫోన్లన్నిటిలో ఒక వీడియో తిరిగింది. తలకు తువ్వాలు చుట్టుకుని, పత్తి చేనులో నిలబడి ఒక విత్తనం గురించి చెప్పిన మనిషి ఆవిడే. కాదు, ఆవిడ చెప్పలేదు. చెప్పించింది నేను. ఆ సంగతి దాచి ఆమెను తలుచుకుంటే ఇది కూడా ఒక ప్రకటనే అవుతుంది.

చిన్నమ్మది రాజోలి పక్కన చిన్న ఊరు. రెండెకరాల చేను, ఒక్కతే చేసుకునేది. టీవీలో ప్రకటనలు రాగానే అందరూ లేచి పనులు చూసుకుంటే, ఈవిడ మాత్రం చేతిలో పని ఆపి వచ్చి కూర్చునేది. "నా బిడ్డ చేసే పని గిదే" అని చుట్టుపక్కల వాళ్లకు చెప్పేది. తలనూనె ప్రకటన అయిపోగానే నన్ను పట్టుకునేది.

"ఆ పిల్ల నిజంగ ఆ నూనెనే పెడ్తదా?"

నేను నవ్వేదాన్ని. "నవ్వుడు గాదు, చెప్పు. తెల్వకుంటే తెల్వదను, నోరేం అరగదు" అని నెత్తిన ఒక్కటి మొట్టేది.

మా ఆఫీసులో ఒకప్పుడు ఆరుగురం ఉండేవాళ్లం. ఫొటోలు తీసే అతను, గొంతు ఇచ్చే ఆవిడ, రాసేవాళ్లు ఇద్దరు, నేను, మా యజమాని. ఇప్పుడు మిగిలింది నేనూ యజమానే. మిగతా పని కంప్యూటర్ చేస్తోంది. నా కుర్చీ కూడా ఏదో ఒకరోజు ఖాళీ అవుతుందన్న భయంతోనే ఫొటోలను మాట్లాడించే ఆ విద్య అందరికంటే ముందు నేర్చుకున్నాను. మే నెలలో ఒక విత్తనాల వ్యాపారి వచ్చి, సాయంత్రానికల్లా రైతు మాట్లాడిన వీడియో కావాలన్నాడు. నా ఫోన్లో చిన్నమ్మ ఫొటో ఉంది, నిరుడు చేనులో తీసింది. ఏదో పెళ్లిలో ఆమె మాట్లాడిన వీడియో కూడా ఉంది. ఆ రెండూ కంప్యూటర్‌కు ఇచ్చి నాలుగు వాక్యాలు రాశాను. పది నిమిషాల్లో చిన్నమ్మ పెదవులు కదిలాయి. మొదట పుస్తకాల తెలుగు మాట్లాడింది, అతకలేదు. "నేను గీ ఇత్తనమే ఏసిన, చేను నిండ కాయ కాసింది" అని మార్చాను. అచ్చం చిన్నమ్మే. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆమెను అడగాలన్న ఆలోచనే రాలేదు, చూసి సంబరపడుతుంది లెమ్మనుకున్నాను.

జూన్‌లో మిరుగం కార్తె వానలు పడ్డ మూడో రోజు ఫోన్ వచ్చింది. "బిడ్డా, నేనెప్పుడు ఏసిన ఆ ఇత్తనం?" అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు రా" అని పెట్టేసింది.

వెళ్లేసరికి వాకిట్లో ఏడెనిమిది మంది ఉన్నారు, చేతుల్లో విత్తనాల ప్యాకెట్లు. "నువ్వు చెప్పినవనే గద వదినా కొన్నం. ఇప్పుడు నాకు తెల్వదంటే ఎట్ల?" అంటూ ఒకాయన ఫోన్ ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. చిన్నమ్మ తన నోరు కదలడం తానే చూస్తోంది.

"ఇగో, చేసినామె వచ్చింది" అంది. నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. చేయి పట్టుకుని వీధిలోకి నడిపించింది. ఆ విత్తనం కొన్న ప్రతి ఇంటి ముందూ ఆగింది. తాను మాట్లాడలేదు, నన్నే చెప్పమంది. "ఆ మాట చిన్నమ్మ అనలే. నేను అనిపించిన." నాలుగో ఇంట్లో ఒక ముసలాయన అడిగాడు: "అయితే ఇత్తనం మంచిదా, కాదా?" తెల్వదన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఒక్క ప్రకటనలోనూ రాయలేదు.

మూడు ఇళ్లవాళ్లు అప్పటికే విత్తేశారు. వాళ్లలో ఒకావిడ కౌలు చేనుకు పెట్టిన పెట్టుబడంతా ఆ విత్తనం మీదే ఉంది. ఆవిడ తిట్టలేదు, గడప మీద కూలబడి నా వైపు చూస్తూ ఉండిపోయింది.

మా యజమానికి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను. "దానికేముంది, వేరే ముఖం పెడదాం. అసలు లేని మనిషినే తయారు చేద్దాం, అప్పుడు ఎవరూ వచ్చి అడగరు" అన్నాడు. గంటలో కొత్త ముఖం పంపాడు. గండం గడిచిందనుకుని చిన్నమ్మకు చూపించాను.

"మంచిగుంది. ఏ ఊరు ఆమెది?"

"ఊరు లేదు చిన్నమ్మా. అసలు మనిషే లేదు."

ఫోన్ నా చేతికి తిరిగిచ్చింది. "మరి పంట పోతే ఎవలింటి ముంగట నిలబడ్తరు బిడ్డా?" అంది.

తెల్లారి లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. చేనులో ఉంది, ఒళ్లో అదే విత్తనం, ఇంకా విత్తని ఇళ్లవాళ్ల దగ్గర తీసుకుందట. తాను నమ్మి తెచ్చుకున్న విత్తనాన్ని పక్కన పెట్టి, ఉన్న రెండెకరాల్లోనూ దాన్నే వేస్తోంది. పిచ్చా నీకు అని అరిచాను. చేయి ఆపలేదు.

"ఏసిన అని నా నోటెంబడి ఊరంత ఇన్నరు. ముగ్గురు ఏసేసిన్రు. ఆళ్ల చేన్లు పోతే నేను ఇంట్ల సల్లగ కూసుంటనా? ఆళ్లకేమైతే నాకూ గదే గావాలె."

నేను ఆడిన అబద్ధాన్ని తన ఏడాది తిండి పెట్టి నిజం చేసింది మా చిన్నమ్మ. ఆ తర్వాత ఒక్కనాడూ దాన్ని ఎత్తి చూపలేదు. ఎప్పటిలాగే జొన్నరొట్టెలు మూటగట్టి బస్సెక్కించింది.

అడగకుండా ఏ మనిషి నోట్లోనూ మాట పెట్టనని ఆఫీసులో చెప్పేశాను. "నువ్వు చేయకపోతే ఆగుతుందా?" అన్నాడు యజమాని. ఆగలేదు. ఆ లేని ఆవిడ ఇప్పుడు కల్వకుర్తి దాకా నవ్వుతోంది. నా ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో చెప్పలేను.

అంత్యక్రియలైన మర్నాడు చేనుకు వెళ్లాను. పత్తి పూత మీద ఉంది. కాయ నిలుస్తుందో రాలుతుందో అప్పుడే ఎవరూ చెప్పలేరు. చేనులో ఎవరో వంగి ఆకులు తిప్పి చూస్తున్నారు. గడప మీద కూలబడిన ఆ కౌలు రైతే. పొద్దున్నే వచ్చి ముందు ఈ చేను చూశాకే తన చేనుకు వెళ్తోందట.

"పురుగు లేదు ఇప్పటికైతే" అంది. తర్వాతి మొక్క దగ్గరికి జరిగి, "ఇగ ఈ చేను ఎవలు చూస్తరు?" అని అడిగింది.

"నేను చూస్త. ప్రతి ఐతారం వస్త" అన్నాను.

ఆమె నమ్మినట్టు కనపడలేదు. ఏ ముఖం పెట్టుకుని నమ్మమనను? చెప్పులు గట్టు మీద వదిలి సాలులోకి దిగాను. ఆకు అడుగున ఏం వెతకాలో ఒక్కసారి చూపించి, ఆమె తన సాలు పట్టుకుని ముందుకు వెళ్లిపోయింది. నేను మొదటి మొక్క దగ్గర వంగి ఆకు తిప్పాను.