అడిగి రాసిన పద్యాలు

మా తెలుగు పంతులమ్మగారు పోయారని అవనిగడ్డ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నేను బందరులో బస్సెక్కి వెళ్లేసరికే పాత విద్యార్థులు బస్టాండు ఎదుట ఫ్లెక్సీ కట్టేశారు. "చిరునవ్వుతో సెలవు తీసుకున్న చదువులతల్లి" అని రాయించారు. నాకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

మా వైపు పెళ్లిళ్లలో తలంబ్రాలయ్యాక వధూవరుల మీద అయిదు పద్యాలు చదివి, గులాబీరంగు కాగితాల మీద అచ్చేసి పంచేవారు. పంచరత్నాలంటారు. వాటికోసం మొవ్వ నుంచీ గుడివాడ నుంచీ కూడా ఆవిడ దగ్గరికి వచ్చేవారు. పెళ్లికూతురితో విడిగా మాట్లాడనిదే ఆవిడ కలం పట్టేవారు కాదు. పెద్దవాళ్లను వసారాలో కూర్చోబెట్టి, లోపల ఆ పిల్లని ఈ పెళ్లి ఇష్టమేనా అని అడిగేవారు. పిల్ల నోరు విప్పి చెప్పాలి. మౌనం అర్ధాంగీకారం కదండీ అని ఎవరైనా నవ్వితే, "సగం ఒప్పుకోలుతో సంసారమంతా ఎలా చేస్తుందండీ?" అనేవారు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. కొత్తలో ఒక పెళ్లికి రాస్తూ వధువు కన్నీళ్లను ముత్యాలన్నారట. పందిరంతా చప్పట్లు. ఆ పెళ్లికూతురు ఆవిడ క్లాసులో చదివిన పిల్లే. అప్పగింతలప్పుడు ఆవిడ చెవిలో, "నేను నిజంగానే ఏడ్చానండీ" అందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పంతులమ్మగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూ ఉండిపోయేవారు.

నేను ఇంటరు పూర్తిచేసిన ఏడు నా వంతు వచ్చింది. గుడివాడ సంబంధం వద్దన్నందుకు నాన్న కొట్టారు. ఆ తర్వాత నేను మాట్లాడటమే మానేశాను. ఒప్పుకున్నానని అందరూ అనుకున్నారు. పద్యాలకోసం నాన్న కబురుపెడితే ఆవిడే మా ఇంటికొచ్చారు. ఆ పొద్దున నాన్న మళ్లీ కొట్టిన చెంపతో నేను తల వంచుకుని కూర్చున్నాను. దానికి సిగ్గండీ, బుగ్గలు కెంపెక్కాయని ఒక పద్యంలో పెట్టండి అన్నారు నాన్న. ఆవిడ నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూశారు.

"ఈ ఎరుపు సిగ్గుది కాదండీ, మీ చేతిది. దీన్ని పద్యం చెయ్యమనకండి."

తర్వాత నన్నడిగారు. ఇష్టం లేదండీ అని గట్టిగానే అన్నాను. ముహూర్తం మాట్లాడటానికి వచ్చి వసారాలో కూర్చున్న మగపెళ్లివారి తరఫు పెద్దాయన అది విని, బలవంతపు పిల్ల మాకొద్దని లేచిపోయారు. పెళ్లి ఆగింది.

నాన్న ఏళ్ల తరబడి ఆవిడతో మాట్లాడలేదు. పెళ్లిళ్లు చెడగొడతారన్న పేరు పడి పద్యాలకు వచ్చేవాళ్లు తగ్గారు, తర్వాత మానేశారు. మిగిలిన గులాబీ కాగితాలు ఆవిడ పిల్లల చిత్తులెక్కలకు ఇచ్చేశారు. నా బతుకు నాకు దక్కింది, ఆవిడ పద్యాలు ఆవిడకు దక్కలేదు. ఒక్కనాడూ ఆ మాట నాతో అనలేదు.

ఆఖరిసారి ఆసుపత్రిలో చూశాను. నొప్పికి పెదవి కొరుక్కుంటూ నా చెయ్యి వదల్లేదు. అందరినీ అడిగిన మనిషిని ఆ రోజు నేనడిగాను, ఏం కావాలండీ అని.

"నాకు వెళ్లాలని లేదే అమ్మాయ్" అన్నారు.

పెద్దకర్మ నాటికీ ఆ ఫ్లెక్సీ అక్కడే ఉంది. గాలికి పైతాడు ఊడి ఆవిడ ఫొటో ముడుచుకుపోయింది. కింద చిరునవ్వు అన్న అక్షరాలు మాత్రం బిగుతుగా కట్టి ఉన్నాయి.