జకర్యా లాప్‌టాప్‌లో అమ్మ గొంతు

పెళ్ళివాళ్ళు జకర్యాను పిలవడం మానేసి చాలా ఏళ్ళయింది. రెజిమెంటల్ బజార్‌లో ఫొటో స్టూడియో పెట్టిన కొత్తలో చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ అతనే తీసేవాడు. ఒకసారి దూరాన ఉన్న బంధువులు రాలేకపోతున్నారని ఎవరిదో భూస్థాపన ఆరాధనను లైవ్ పెట్టి చూపించాడు. అంతే, చావు వీడియోల మనిషైపోయాడు. శుభమా అని బయల్దేరుతుంటే ఎదురొచ్చాడని పక్కకు తప్పుకున్నవాళ్ళను నా కళ్ళతో చూశాను. సిగ్గులేని జనం. రేపు వాళ్ళింట్లో ఎవరైనా పోతే మొదటి ఫోను ఇతనికే.

మా అమ్మ ఎలీసబెతు అలా కాదు. మా చర్చి సంఘంలో ఎవరు పోయినా భూస్థాపనకు పాడాల్సింది అమ్మే. ఆమె పాడుతుంటే ఇతను తీసేవాడు. అన్నీ అయ్యాక అందరూ అతన్ని మరిచిపోతే, అమ్మ పిలిచి కూర్చోబెట్టి టీ ఇప్పించేది. మా మారేడ్‌పల్లి ఇంటికీ వచ్చేవాడు. గుమ్మంలో అడుగుపెడుతూనే ఇంట్లో చల్లగా ఎక్కడుంటుందని అడిగేవాడు. తనకోసం కాదు, లాప్‌టాప్ కోసం.

దానికి అతను చేసే సేవ చూస్తే నాకు నవ్వొచ్చేది. వీడియో తయారయ్యేటప్పుడు లోపల ప్రాసెసర్ సలసల కాగుతుందట. వేడి మితిమీరితే లాప్‌టాప్ తనంతట తనే ఆగిపోతుందట. అందుకని కింద గాలాడేలా నాలుగు మూలలా సీసా మూతలు పెట్టి ఎత్తుతాడు. పరుపు మీద పెడితే ఊరుకోడు. పెయింటు బ్రష్షుతో ఫ్యాను దుమ్ము దులుపుతాడు. పని కాగానే ఆపేసి చల్లబడేదాకా ముట్టుకోనివ్వడు. బాలింతకు కూడా ఇంత పథ్యం ఉండదని అమ్మ ఎగతాళి చేసేది.

పోయిన మే నెలలో, గాలివాన కొట్టిన సాయంత్రం, అమ్మ పోయింది. కాఫీ గ్లాసు అందుకోబోతూ పక్కకు ఒరిగింది. అంతే. చెట్లు విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. ఇటు మారేడ్‌పల్లిలోనూ లేదు, అటు జకర్యా స్టూడియో ఉన్న రెజిమెంటల్ బజార్‌లోనూ లేదు. షామియానా వాళ్ళు ఒక చిన్న జనరేటర్ తెచ్చి పెట్టారు. దాని మీద అమ్మను పడుకోబెట్టిన ఫ్రీజర్ బాక్సూ రెండు ఫ్యాన్లూ నడిచాయి. కూలర్ కూడా పెట్టబోతే ఆ బరువు మోయలేక జనరేటర్ ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అన్నారు చర్చి అయ్యగారు. చిక్కు అప్పుడొచ్చింది. పాడేదెవరు? క్వయర్‌లో ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రతి భూస్థాపనకూ అమ్మ పాడే ఆ ఒక్క పాటను అమ్మ ముందు పాడే ధైర్యం లేదన్నారు. అమ్మ పక్కన కూర్చున్న మా నాన్న పాల్ తల ఎత్తాడు.

"పాట లేకుండా ఆవిణ్ణి పంపను," అన్నాడు. ఎవరెంత నచ్చజెప్పినా అదే మాట.

దారి చూపించింది జకర్యానే. అమ్మ పాడిన ఆ పాట అతని దగ్గర బోలెడు వీడియోల్లో ఉంది. కాని అన్నీ చావు ఇళ్ళలో తీసినవి. పాట మీద ఎవరో ఒకరి ఏడుపు ఉంటుంది. ఆ ఏడుపుల్లోంచి గొంతును విడదీసే సాఫ్ట్‌వేర్ ఉందట. లాప్‌టాప్‌కు అది మోయలేనంత పని. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.

పొద్దున్నే మొదలుపెట్టాడు. వాన వెలిసిన ఉక్కకు మనుషులకే ఊపిరాడటం లేదు. లాప్‌టాప్ రెండుసార్లు ఆగిపోయింది. వేగం తగ్గించి నడిపితే వేడెక్కదుగాని, రేపటికిగాని అవదన్నాడు. వంటగది బండల మీద పెట్టి చూశాడు, పెరటి గుమ్మంలో పెట్టి చూశాడు. చంకనెత్తుకుని ఇల్లంతా తిరిగాడు.

మధ్యాహ్నం నేను హాల్లోకి వచ్చాను. ఫ్రీజర్ బాక్స్ అద్దం మీద, సరిగ్గా అమ్మ గుండెలకు పైన, లాప్‌టాప్ ఉంది. సీసా మూతలతో సహా. గుయ్యిమని తిరుగుతోంది.

కాంతమణి పెద్దమ్మ పెట్టిన కేకకు వాకిట్లో ఉన్నవాళ్ళంతా లోపలికొచ్చారు. శవం మీద సామాన్లు పెడతావా, బయటికి నడవమంది. నేనూ తక్కువ తినలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మా అమ్మ బల్లలా కనిపించిందా అని అడిగాను.

"ఇల్లు మొత్తంల గిదొక్కటే సల్లటి జాగ బిడ్డా," అన్నాడు జకర్యా మెల్లగా. "అమ్మ ఏమనుకోదనుకున్న."

తీసి కింద పెట్టాడు. కాసేపటికే అది మళ్ళీ ఆగిపోయింది. రెండు దాటింది. ఇక చాలు, పాట లేకుండానే కానిద్దామంది పెద్దమ్మ. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

అప్పుడు లేచాడు నాన్న. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్రీజర్ బాక్స్ ప్లగ్గు లాగేశాడు. ఆ స్థానంలో కూలర్ ప్లగ్గు పెట్టి, కూలర్‌ను జకర్యా వైపు తోశాడు.

మే నెల ఎండ, నిన్నటి దేహం. అయ్యగారు చెయ్యి పట్టుకోబోతే నాన్న విదిలించుకున్నాడు. దిగులుతో మతి పోయిందనే అనుకున్నాను. ప్లగ్గు కోసం వంగాను. నాన్న నా చెయ్యి ఆపాడు. పెట్టె వైపు చూపించాడు, తర్వాత లాప్‌టాప్ వైపు.

"మీ అమ్మ ఇందులో లేదమ్మా, అందులో ఉంది. ముందు దాన్ని చల్లబరచండి."

నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. జకర్యా లాప్‌టాప్‌ను మూతల మీద ఎత్తి, తడి గాలి సూటిగా తగలకుండా కూలర్‌కు ఓరగా పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. తెర మూలన ప్రాసెసర్ వేడి అంకెల్లో కనిపిస్తోంది. అమ్మ ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నాం. పెట్టె అద్దం మీది చెమ్మ నీళ్ళై కారింది. నాకు భయమేసింది. అంకె ఎక్కింది, తగ్గింది, మళ్ళీ ఎక్కింది. లాప్‌టాప్ మాత్రం ఆగలేదు.

నాలుగు కావస్తుండగా జకర్యా స్పీకరు తగిలించి పాట పెట్టాడు.

అమ్మ పాడింది. ఆర్గన్ లేదు, ఫ్యాన్ల మోత లేదు, ఎవరి ఏడుపూ లేదు. ప్రతి చరణానికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఊపిరి లేని మనిషి ఎదురుగా ఉండగా ఆ ఊపిరి వింటూ నేను పెట్టె అంచు పట్టుకున్నాను. ఆ ఊపిరి మధ్యమధ్య వణికింది. ఆ పాట ఎన్నిసార్లు విన్నానో. ఎవరెవరి ఇళ్ళలోనో అమ్మ కూడా ఏడుపు దిగమింగుకుంటూ పాడిందని నాకు తెలియనే తెలియదు.

పాట అయిపోయింది. నాన్న వంగి లాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టాడు.

"వేడిగానే ఉంది," అన్నాడు. అని, నిన్నటి నుంచి ఒక్క చుక్క రాల్చని మనిషి బావురుమన్నాడు.

బయట బండి వచ్చి ఆగింది. అయ్యగారు టైము చూసుకున్నారు. జకర్యా లాప్‌టాప్‌ను ఆపలేదు. నాన్న చెయ్యి తీసేదాకా దాన్ని అలాగే నడవనిచ్చి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.