ఈస్టర్ పొద్దున నేను మాయం చేసిన మబ్బు

ఒక్క స్విచ్ నొక్కి మబ్బును మాయం చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనే ఆ మనిషిని. మూడేళ్ల క్రితం, ఏప్రిల్ నెలలో, ఈస్టర్ ఆదివారం తెల్లవారుతుండగా చిట్కుల్ దగ్గర మా మందుల ఫ్యాక్టరీ గోడ పక్కన ఆ పని చేశాను. ఊళ్లో ఉన్న క్రైస్తవ కుటుంబాలన్నీ సాక్ష్యం. అందులో కొందరు నన్ను దేవదూత అనుకున్నారు.

ఇస్నాపూర్‌లో టీ తాగుతూ చెప్పేటప్పుడు ఈ కథను ఇక్కడితో ఆపేస్తాను. అచ్చులో రాస్తున్నాను కాబట్టి మిగతాది కూడా చెప్పక తప్పదు.

నేను యుటిలిటీస్ ఆపరేటర్‌ని. మందు తయారీకి కావలసిన ఆవిరి, చల్లనీళ్లు అందించే విభాగం అది. అందులో నా వంతు కూలింగ్ టవర్. మందు ఉడికే పెద్ద పాత్రలను చల్లబరిచి, వేడెక్కి వచ్చిన నీళ్లను ఈ టవర్ పైనుంచి జల్లులా వదులుతాం. నెత్తిన ఉన్న ఫ్యాన్ కిందినుంచి గాలిని గుంజుతుంది. కొన్ని నీళ్లు ఆవిరై వేడిని పట్టుకుపోతాయి, మిగిలినవి చల్లబడి కింది తొట్టిలో పడతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. కాకపోతే కుండకు ఫ్యాన్ ఉండదు, దాన్ని కనిపెట్టుకుని జీతం తీసుకునే నాలాంటి నర్సింలు ఉండడు.

అలా పైకి పోయిన తడిగాలి చలికాలం పొద్దుట తెల్లగా లేస్తుంది. మేం ప్లూమ్ అంటాం. ఊరంతా పొగ అంటుంది. సుగుణమ్మ టీచర్ కూడా అదే అన్నారు.

టీచర్ మా అమ్మాయికి లెక్కలు చెప్పారు. ఏటా ఈస్టర్ నాడు వాళ్ల చర్చివాళ్లు చీకటితోనే మా గోడ అవతలి మైదానంలో చేరి, తూర్పుకు తిరిగి నిలబడతారు. సూర్యుడు పొడవగానే మొదటి పాట ఎత్తేది టీచరే. అయితే కళ్లలో శుక్లాలు ముదిరి కొన్నేళ్లుగా ఆమెకు సూర్యుడు కనిపించడం మానేశాడు. పక్కవాళ్లు భుజం తట్టి "పొడిచిండు టీచర్" అంటే అప్పుడు ఎత్తేవారు. నేను చెబుతున్న ఈస్టర్‌కు ముందటి డిసెంబరులో ఆపరేషన్ అయింది. జనవరి చలిలో ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను పట్టుకున్నారు.

"నర్సింలూ, జెర ఆగు. ఈసారి ఈస్టర్‌కు నా కండ్లతోని నేనే సూర్యుణ్ణి సూసి పాట ఎత్తాల్నని ఉన్నది. తూర్పుదిక్కు మీ టవరేమో గిట్ల పొగ ఇడుస్తున్నది. ఏం సూడాలె నేను?"

"గది పొగ కాదు టీచరమ్మా. మబ్బు."

"మబ్బు ఆకాశంల ఉంటది. మీ కంపెనీల ఎందుకుంటది?"

"ఒక్కసారి నోరు తెరిచి ఊదుండ్రి."

అటూ ఇటూ చూసి ఊదారు. నోటి ముందు తెల్లగా లేచి పోయింది.

"మీరేమన్న బీడీ తాగిండ్రా?" అన్నాను. "లోపలి ఆవిరి కండ్లకు కనపడదు. బయట సల్లగాలి తగిలితే సన్నసన్న నీటిసుక్కలైతది. గా సుక్కలే తెల్లగ కనపడేది. ఆకాశంల గూడ గంతే. భూమ్మీది ఎచ్చటి తడిగాలి పైకి పోయి సల్లబడితే మబ్బు."

"మరి మాయమెట్లయితది?"

"పొడిగాలి తాగేస్తది."

"ఈస్టర్ నాటికి తీసేస్తవా?"

"నేను తీస్త. నా మాట."

"నీ మాటల సగం తీసేసి వింట నేను."

"సగం మబ్బన్న పోతది గద టీచరమ్మా."

నా ధైర్యం ఎందుకంటే, ఎండలు ముదిరాక గాలి దాహంతో ఉంటుంది. ఏప్రిల్‌లో మా ప్లూమ్ టవర్ మూతి దాటి జానెడు లేవదు. నేను చెయ్యాల్సిందేమీ లేదు, పేరు మాత్రం నాది. మార్చి అంతా టీచర్ ఎదురైనప్పుడల్లా "తగ్గిస్తున్న, సూడుండ్రి" అనేవాణ్ని. ఆమె తలెత్తి చూసేవారు. నిజంగానే తగ్గుతుండేది. సంతోషం పట్టలేక ఒక డబ్బా నిండా గులాబీ పువ్వులు వండి పంపారు. పిండివంటలో తప్పు లేదు కదా, తిన్నాను.

శనివారం సాయంత్రం ఉరుములతో వాన దంచింది.

ఆ రాత్రి నాదే షిఫ్టు. తెల్లారేసరికి గాలి చల్లగా, పిండితే నీళ్లు కారేటట్టు ఉంది. మా టవర్ మీద జనవరిని మించిన మబ్బు లేచి, మెల్లగా మైదానం వైపు వాలుతోంది. గోడ మీదుగా తొంగి చూశాను. ముందు వరుసలో కుర్చీ. అందులో తెల్లచీర, నల్లకళ్లద్దాలు. టీచర్.

మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి ప్రసాద్‌ది భీమవరం వైపు. నా ముఖం చూసి, "ఏంటండీ నర్సింలు గారూ, జ్వరం గానీ వచ్చిందా?" అన్నాడు. చెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"వాతావరణ శాఖ కూడా మీరే చూస్తున్నారన్నమాట. సరే, చల్లగానే ఉంది కదా, ఒక సెల్ చాలు. మైదానం పక్కది ఆపుకోండి. ఫ్యాన్‌తో పాటు నీళ్ల వాల్వు కూడా కట్టేయాలి, మర్చిపోకండి. తొట్టి నీళ్లు వేడెక్కితే మాత్రం నేనొప్పుకోను."

సెల్ అంటే టవర్‌లో ఒక గది; మాకు రెండున్నాయి. పరుగెత్తి స్విచ్ నొక్కాను. ఫ్యాన్ ఆగింది. వాల్వు మర్చిపోయాను.

ఫ్యాన్ ఉన్నంతసేపు తడిగాలిని బలంగా పైకి విసురుతుంది. ఇప్పుడు విసిరేవాడు లేడు, వేడినీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఆవిరి బద్ధకంగా పైనుంచీ పక్క సందుల్లోంచీ పొంగి, గోడ ఎక్కి, మైదానంలోకి దిగింది. ఆకాశంలో ఉండాల్సిన మబ్బును తెచ్చి జనం నెత్తిన పెట్టాను. ఎవరో గొడుగు విప్పారు. తూర్పు ఎటో కూడా తెలియడం లేదు. పాట మొదలు కాలేదు.

నిచ్చెన ఎక్కి వాల్వు పట్టుకున్నాను. చక్రం బిగుసుకుపోయి ఉంది. నా బరువంతా వేసి తిప్పగా తిప్పగా కదిలింది, నీళ్ల చప్పుడు ఆగింది. కొత్త మబ్బు పుట్టడం తగ్గింది. దిగినది మాత్రం మైదానంలోనే కూర్చుంది. దాన్ని లేపే స్విచ్ నా దగ్గర లేదు. పచ్చ హెల్మెట్ పెట్టుకుని ఆ తెలుపు మధ్యన, నిచ్చెన మీదే ఊరికే నిలబడ్డాను.

అప్పుడు నా వెనక సూర్యుడు పొడిచాడు. తిరిగి చూశాను. మబ్బు అడ్డం ఉండడంతో కిరణాలు లేవు, చురుకు లేదు. తోమి బోర్లించిన కంచంలా తెల్లగా, గుండ్రంగా ఉన్నాడు. టీచర్ కుర్చీలోంచి లేచారు. నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోశారు. ఎవరూ భుజం తట్టలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమే పాట ఎత్తారు. ఎప్పుడూ చెప్పి అలవాటైన పక్కవాళ్లు తడబడి ఒక చరణం వెనకబడ్డారు.

రెండో చరణానికి వెచ్చదనం తగిలి మబ్బుకు అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. పాట అయ్యేసరికి చినుకంత తెలుపు కూడా లేదు. సూర్యుడు చూడనివ్వడం మానేశాడు. టీచర్ కళ్లద్దాలు దించుకున్నారు.

స్విచ్ నొక్కిన మాట నిజం. మబ్బు మాయమైన మాట కూడా నిజం. దీనివల్ల అది జరిగిందన్న చోటే కొంచెం సాగదీశాను. ఉద్యోగంలో అన్నేళ్లు మబ్బు పుట్టించిన నాకు ఆ పొద్దున తెలిసింది ఇంతే: పుట్టించడానికి ఫ్యాక్టరీ కావాలి, పోగొట్టడానికి ఎండ చాలు. ఇంకొకటి, ఫ్యాన్ కంటే ముందు వాల్వు కట్టేయాలి.

ఇది రాసి పోయిన వారం టీచర్‌కు చదివి వినిపించాను. మొత్తం విని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"సగం తీసేయాల్నా టీచరమ్మా?"

"మబ్బును మా నెత్తి మీదికి తోలింది నువ్వు. తీసింది సూర్యుడు. గా మబ్బు లేకుంటే ఆయన మొకం తేరిపార సూసేదాన్ని కాదు, గదొక్కటి నీ పేరు మీద ఉండని. దేవదూత అని మాత్రం ఎవ్వరనలే నర్సింలూ. ప్లంబర్ వచ్చిండన్నరు."