తోడల్లుడి ట్రంపెట్, నా ఆవకాయ

మా తోడల్లుడు ట్రంపెట్ పట్టేదాకా న్యూజిలాండ్‌లో మేముండే జాన్సన్‌విల్‌ తెలుగువాళ్ళలో నాకు ఎదురులేదు. ఎవరింట్లో భోజనాలున్నా జనం ప్లేట్లు పట్టుకుని నా కుర్చీ చుట్టూ చేరేవారు. వెల్లింగ్టన్ గాలికి మా గుత్తివంకాయ కూర గిన్నెతో సహా ఎగిరి పక్కింటి కివీ ఆయన పెరటి డెక్ మీద వాలిందనీ, మర్నాడు ఆయన కడిగిన గిన్నె పట్టుకొచ్చి, మళ్ళీ గాలి ఎప్పుడు వీస్తుందని అడిగాడనీ చెప్పేవాణ్ణి. నమ్మనివాళ్ళు కూడా ఇంకోసారి చెప్పించుకునేవారు. వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, శనివారం కోతలు కోయడం. మొదటిది జీతం కోసం. రెండోది నాకోసం.

ఇక ఆయన. మా ఆవిడ అక్కగారి భర్త, కాకినాడ మనిషి, డేటాబేసుల పని. ఎప్పుడు చూసినా నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చునేవాడు. అలాంటి తోడల్లుడు దొరకడం ఎంత అదృష్టమో అత్తగారింటికి వెళ్ళొచ్చే అల్లుళ్ళకి తెలుస్తుంది. ఆయన మౌనం పక్కన నా మాట పెట్రోమాక్స్ లైటులా వెలిగేది.

నలభై దాటాక ఆయనకేం పుట్టిందో, కారుని గరాజ్‌లోంచి బయటికి తోలి తాను లోపల చేరాడు. వాళ్ళ వీధి చివర చిలీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరుండేవారు. ఒకప్పుడు డాన్సు బ్యాండ్లలో ఊదిన మనిషి, పళ్ళూడిపోయి మానేశారు. తన ట్రంపెట్ ఈయన చేతికిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని నేర్పారు. జరిగింది అంతే. ఇంత చప్పటి కథకి ఎవరైనా చెవి ఒగ్గుతారా?

ఒగ్గారు. మొదట్లో గరాజ్‌లోంచి దూడ తప్పిపోయిన గేదె అరుపులు వినపడేవి. వదిన కిటికీలు మూసేసేది. తర్వాత ఎప్పుడో ఆ అరుపు పాటయింది. ఫిలిప్పీన్స్ నర్సమ్మ ఒకావిడ పాడటానికి వచ్చింది, బేస్ గిటార్‌కి ఓ మావోరీ కుర్రాడు, డ్రమ్ములకి ఇంకెవరో. చూస్తూ ఉండగానే మా మౌనముని ఎర్ర చొక్కా వేసుకుని, చెయ్యి ఇలా ఎత్తితే అంతమందీ ఒక్కసారి ఆగే బ్యాండ్‌మాస్టర్ అయిపోయాడు. సల్సా అట, చాచా అట, క్యూబా వైపు డాన్సు పాటలట. కివీల పెళ్ళిళ్ళకి పిలుపులొచ్చాయి. క్యూబా స్ట్రీట్‌లో వాయించాడని వదిన ఫోన్లో చెబితే, రాజమండ్రిలో మా అత్తగారు పెద్దల్లుడు క్యూబా వెళ్ళొచ్చాడని వీధంతా చాటింది. అది మా ఊళ్ళో ఒక బజారు మాత్రమేనని చెప్పడానికి నేనే పనిగట్టుకుని ఫోన్ చేశాను.

“మీకెందుకు నాయనా అంత కడుపుమంట?” అందావిడ.

ఆవిడ అన్నదానికి కాదు, మా ఆవిడ “బావగారికి ఎరుపు ఎంత నప్పిందండీ” అన్నదానికి ఒళ్ళు మండింది. భోజనాల దగ్గర నా కుర్చీ చుట్టూ ఇప్పుడు మిగిలింది పంటి నొప్పితో కదల్లేని ఒక అంకుల్. తక్కినవాళ్ళంతా ఆయన ఫోన్లో వీడియోలు చూస్తున్నారు.

పోనీ, నేనూ అందులో దూరితే పోలా అనుకున్నాను. “అన్నయ్యా, నాకూ ఏదైనా ఇవ్వండి వాయించడానికి,” అన్నాను. ఆయన రెండు కర్రముక్కలు తెచ్చి చేతిలో పెట్టాడు.

“ఇదేంటి, కోలాటమా?”

“క్లావే అంటారు తమ్ముడూ. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు దెబ్బలు. బ్యాండంతా దీన్ని పట్టుకునే నడుస్తుంది. మొదటినుంచి చివరిదాకా ఇంతే, మార్చకూడదు.”

“మధ్యలో ఏమీ ఉండదా?”

“ఏమీ ఉండదు.”

కాసేపు బుద్ధిగానే కొట్టాను. తర్వాత చెయ్యి ఊరుకుంటేనా? ఇక్కడో దెబ్బ పెంచాను, అక్కడో దెబ్బ వెనక్కి లాగాను, నాకు వినసొంపుగానే ఉంది. నర్సమ్మ పాట ఆపి నావైపు చూసింది. డ్రమ్ములు ఒక దారిన, బేస్ ఇంకో దారిన పోయాయి. ఆయన వచ్చి నా చేతుల్లోంచి కర్రలు మెల్లిగా తీసుకున్నాడు.

“నువ్వు ఒకే మాట రెండుసార్లు ఒకేలా చెప్పలేవు తమ్ముడూ. నీవల్ల కాదు,” అన్నాడు. ఆయన జీవితంలో ఒకరిని తప్పుపట్టడం అదే మొదటిసారి, అదీ నన్నే.

అది లోపల పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక శనివారం, ఆయన లేని భోజనాల్లో, ఎవరో అడిగారు: “మీ అన్నయ్యగారికి ఆ సంగీతం ఎలా వచ్చిందండీ?” ఆయన గాలి తీసేయడానికి ఇంతకంటే అదను దొరకదు. నేను ప్లేటు పక్కన పెట్టాను.

ఆయన చిన్నప్పుడు క్యూబా నుంచి పంచదార ఓడ ఒకటి కాకినాడ రేవుకి వచ్చిందన్నాను. అందులో ట్రంపెట్ ఊదే నావికుడికి పచ్చకామెర్లు. ఓడ వాణ్ణి వదిలేసి పోయింది. మా తోడల్లుడి నాయనమ్మ వాణ్ణి వరండాలో పడుకోబెట్టి నేల ఉసిరి పసరు పోసింది. పథ్యం ఏమిటంటే ఉప్పు లేని మజ్జిగన్నం. వాడు గోడవైపు తిరిగి ఏడ్చేవాడు. ఒక మధ్యాహ్నం ముసలావిడ కునుకు తీస్తుండగా వాడు దొంగతనంగా ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టి నాకాడు. నాలిక భగ్గుమంది. మంచినీళ్ళు కనపడలేదు, ట్రంపెట్ కనపడింది. నోటికి పెట్టుకుని ఊదాడు చూడండి, ఆ కేకకి రేవులో రెండు ఓడలు లంగరెత్తాయి. ఆ మంటే మా అన్నయ్య నేర్చుకున్నాడు, సొంతం ఏమీ లేదు, అంతా ఆ నావికుడి ఎంగిలి అన్నాను.

పంటి నొప్పి అంకుల్ కూడా పడీపడీ నవ్వాడు. ఆ రోజు నా కుర్చీ నాకు తిరిగొచ్చింది.

కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం రాకపోయినా అర్థం చేసుకోవడం వచ్చు. ఒకమ్మాయి ఈ కథని ఇంగ్లీషులో స్నేహితులకి చెప్పింది. వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. చివరికి ఒక చిన్న రేడియో స్టేషన్‌వాళ్ళు ఆయన్ని పిలిచి అడిగారు, నిజమేనా అని. కాదంటాడని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను.

“అవును,” అన్నాడు మా మౌనముని.

అక్కడినుంచి ప్రతి కచేరీలోనూ, చివరి పాటకి ముందు ఆయన ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. పళ్ళూడిన పెద్దాయన ముందు వరుసలో కూర్చుని మరీ చప్పట్లు కొట్టేవారు. నేను ఆయన్ని చిన్నబుచ్చడానికి కుట్టిన చొక్కా, ఆయన వేసుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. నాది అని చెబుదామంటే, అప్పుడది అబద్ధమైపోతుంది. సంగీతం పోతే పోయింది, నాకు రాదు. కథ నాది కదా!

మొన్న వేసవిలో ఆదివారం మధ్యాహ్నం, సముద్రం పక్కన పచ్చికలో కచేరీ. గాలికి టోపీలు ఎగిరిపోతున్నాయి. వదినా మా ఆవిడా దుప్పటి నాలుగు మూలలా చెప్పులు పెట్టి కూర్చున్నారు. ఆయన మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. పంచదార ఓడ, పసరు, పథ్యం, అన్నీ మూడూ రెండూ దెబ్బల్లా ఒక్క మాట తేడా లేకుండా. జాడీ దగ్గరికి వచ్చాడు.

“మ్యాంగో చట్నీ,” అన్నాడు.

తెల్లవాళ్ళకి తెలియాలని కాబోలు. కానీ ఇక్కడ సీసాల్లో అమ్మే ఆ చట్నీ తియ్యగా ఉంటుంది. తియ్యటిది నాకినవాడికి నాలిక మండుతుందా? మండకపోతే ఊదుతాడా? ఊదకపోతే ఈ బ్యాండే లేదు కదా! ఇదివరకు ఎన్నిసార్లు అలాగే చెప్పాడో!

నేను లేచి నిలబడ్డానని నాకే తెలియదు. “చట్నీ కాదు! ఆవకాయ! కొత్తావకాయ!” అని అరిచాను.

అందరూ ఇటు తిరిగారు. మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. ఆయన మాత్రం చెయ్యెత్తి నన్ను చూపించి, ఇంగ్లీషులో చెప్పాడు, “మా తమ్ముడు. ఆ రోజు అక్కడే ఉన్నాడు. నావికుడు ఉమ్మడానికి చెంబు పట్టుకున్నది వీడే.”

పచ్చిక మీద జనమంతా చెంబుకి చప్పట్లు కొట్టారు. ఆయన ట్రంపెట్ ఎత్తాడు. ఆ పైస్థాయి స్వరం గాలిని చీల్చుకుంటూ పోయింది. బాగుందని చెప్పడానికి నాకు నోరు రాదు, కానీ ముక్కుకి ఘాటెక్కినట్టయింది.

తిరిగి వస్తుంటే కారులో మా ఆవిడ రేడియో పెట్టింది.

“మీది తెనాలి కదండీ. కాకినాడలో చెంబు పట్టుకుని ఏం చేస్తున్నారు?”

“వేసవి సెలవులకి వెళ్ళాను.”

“అలాగా.”

“చెంబు పట్టుకున్నది మీ బావగారు. ఆ నావికుడు ట్రంపెట్ ముందు నా చేతికే ఇచ్చాడు తెలుసా?”

ఆవిడ రేడియో ఆపేసి, సీట్లో నావైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

“ఊఁ, తర్వాత?” అంది.