రెండు వరుసల పత్తి మొక్కలు

పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక పెద్ద శాస్త్రవేత్తను తోడిచ్చే కార్యక్రమంలో నాకు మెంటర్‌గా దొరికింది ఒక మేడం. నేలలోని బ్యాక్టీరియా మీద ఆమె రాసిన వ్యాసం చదివే నేను ఈ దారి పట్టాను. ఆ బ్యాక్టీరియాను మట్టిలో కలిపితే పత్తి మొక్క ఏపుగా పెరుగుతుందని అందులో ఉంది. ఆదిలాబాద్ నల్లమట్టి తెచ్చి, కరీంనగర్‌లో మా కాలేజీ వెనక కుండీల్లో నింపి, అదే మళ్లీ చేసి చూడటం నా పని.

చేశాను. ఒక వరుసకు కలిపాను, ఇంకో వరుసకు కలపలేదు. రెండూ ఒక్క తీరుగానే పెరిగాయి. మట్టి మార్చి మళ్లీ నాటాను. మళ్లీ అదే.

మేడం నెలకోసారి ఫోన్ చేసి, "మొక్కలెట్లున్నయి బిడ్డా?" అనేవారు. "మంచిగున్నయి మేడం" అనేదాన్ని. అబద్ధం కాదు కదా, రెండు వరుసలూ నవనవలాడుతూనే ఉన్నాయి! ఆమె రాసింది తప్పని ఆమెకే చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఈ పనికి నాకిస్తున్న ఫెలోషిప్ రెండో ఏడాది ఉంటుందా ఊడుతుందా అన్నది ఆమె మాట మీదే ఉంది. కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు మూతబడ్డ రోజులు చూసిన మా బాపుది ఒకటే పాట: "పెద్దోళ్లకు ఎదురు మాట్లాడకు బిడ్డా. నౌకరి పోతే తెలుస్తది."

ఏడాది చివర అందరూ తమ పని వినిపించే సభకు ముందు రోజు, మేడం మా కాలేజీకే వచ్చేశారు. ఆమె నేరుగా కుండీల దగ్గరికి నడిచి, వంగి రెండు వరుసలూ చూసి, "దేంట్ల కలిపినవ్? నాకు ఎర్కయితలేదు" అన్నారు.

ఇంక దాచేదేముంది! "ఎవ్వలికి ఎర్కగాదు మేడం. తేడా లేదు. రెండుసార్లు చేసిన, రాలే" అనేశాను.

ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఊపిరి వదిలారు. "నాకు కూడా రెండోసారి రాలే బిడ్డా. చేసుడు తప్పో, రాసిందే తప్పో తెలువక నీకిచ్చిన."

నాకు ఒళ్లు మండింది. "జర ముందుగాల చెప్పొద్దా మేడం? నిద్ర లేక సస్తున్న."

"చెప్తే నువ్వు నా కండ్లతోని చూస్తుంటివి." ఆమె నవ్వారు. "అయినా నువ్వు చెప్పొద్దా? ఎప్పుడడిగినా మంచిగున్నయి, మంచిగున్నయి అంటివి."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఫెలోషిప్ సంగతి అడిగాను. "గిట్ల మళ్లీ నాటి చూసేటోళ్లకే ఇయ్యాలె. నేను రాసిస్త, ఫికర్ చెయ్యకు" అన్నారు. ఎన్నో నెలల తర్వాత నాకు ఆకలి తెలిసింది.

"రేపు అందరి ముందట ఏమంటవ్?"

"ఫలితం కొంచెం వేరుగ వచ్చిందని..."

"అట్ల కాదు. సక్కగ అను."

గొంతు సవరించుకున్నాను. "మేడం రాసింది తప్పు."

"ఇంకోసారి. ఎనక కుర్చీలోళ్లకు ఇనబడాలె."

ఆమె ముఖంలోకి చూస్తూ, ఈసారి తడబడకుండా అన్నాను. మేడం తలూపి, "ఆ, గట్ల" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.