ఊదా పింగాణీ, బంగారు మూత

మా పాలిటెక్నిక్ ల్యాబులో మైక్రోప్రాసెసర్ కిట్లు ఇరవై నాలుగు ఉండేవి. ఇరవై మూడు కిట్లలో ఒక్కోదాని నడుమ నల్ల ప్లాస్టిక్ చిప్పు ఒకటి, నలభై కాళ్ళతో జెర్రిలా పడుకుని ఉండేది. మూలనున్న ఒక్క కిట్టులో మాత్రం అదే చిప్పుకు ఊదారంగు పింగాణీ ఒళ్ళు, నెత్తిన చదరపు బంగారు మూత, కాళ్ళకు బంగారు పూత. పని మాత్రం అన్నింటిదీ ఒకటే.

ఆ ల్యాబులో నేను ఇరవై ఆరేళ్ళు టెక్నీషియన్‌గా చేశాను. ల్యాబు మాన్యువల్లో బొమ్మలన్నీ నా చేత్తో గీసినవే. అట్ట మీద ముగ్గురు లెక్చరర్ల పేర్లు పడ్డాయి. నన్ను అటెండరనుకుని చాక్‌పీసులు తెమ్మన్న పిల్లలు కూడా ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కిట్లను పాతసామాను కింద రాసేసిన ఏడాది ప్రిన్సిపాల్‌ను అడిగి, సంతకం పెట్టించుకుని మరీ ఆ ఒక్క చిప్పు ఇంటికి తెచ్చుకున్నాను. పాత చిప్పులు పోగుచేసేవాళ్ళు కొందరు ఫోన్లో పరిచయమయ్యారు. చిప్పు ఎంత వేగంగా లెక్కలు వేస్తుందో వాళ్ళకు అక్కర్లేదు, పైన తొడిగిన తొడుగు ఏదన్నదే పట్టింపు. పింగాణీ తెలుపా, బూడిదా, ఊదానా? మూత బంగారమా, తగరమా? పనిలేని వాళ్ళ పిచ్చి అనుకుంటూనే నేనూ ఆ పిచ్చిలో పడ్డాను.

ఆ పోగుచేసేవాళ్ళలో బెంగళూరు పెద్దాయన ఒకరు ఈ తొడుగుల మీద ఫోటోల పుస్తకం వేస్తున్నారు. ఊదా పింగాణీలో ఈ రకం తన కంటపడలేదని, మూత మీద గీత లేకుంటే పేజీ నిండా వేసి కింద నా పేరు అచ్చు వేస్తానని, బుధవారం కెమెరాతో తిరుపతిలో మా ఇంటికి వస్తానని రాశారు. నా పేరు అచ్చులో పడటమనేది అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఆ మాట పట్టుకుని మూడు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆదివారం చిప్పును దూదిలో చుట్టి, కమ్మల డబ్బాలో పెట్టుకుని కాళహస్తి బస్సెక్కాను. మా నాయన అక్కడ కంసాలి. నేను చేసే ఉద్యోగం ఆయనకు ఏనాడూ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "వైర్ల పని" అని తేల్చేసేవాడు. బంగారమైతే అర్థమవుతుంది కదా అని వెళ్ళాను. తెలివి తక్కువదాన్ని, అదే నేను చేసిన తప్పు.

నాయన డబ్బా తెరిచి, అద్దాలు సర్దుకుని చిప్పును వెలుతురుకు పట్టి తిప్పాడు. పుస్తకం సంగతి, నా పేరు సంగతి చెప్పి, గీత పడకూడదన్న మాట దగ్గరికి వస్తూ ఉన్నాను. ఈలోగా ఆయన చెయ్యి అరవై ఏళ్ళ అలవాటులో తన పని తాను చేసేసింది. గీటురాయి అందుకుని మూత అంచును దానికేసి రెండుసార్లు రుద్ది, పడిన గీత మీద యాసిడ్ చుక్క వేశాడు.

"కవరింగే పాపా. పైన పూత, అంతే."

మూత మూల గోరంత మేర తెల్లబడిపోయింది.

"రుద్దమని నేను అడిగినానా నాయనా?" అన్నాను.

"బంగారం తెచ్చి నా సేతిలో పెట్టేది ఇంకెందుకు పాపా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

బుధవారం పెద్దాయన వచ్చారు. భూతద్దంతో మూతను చూసి, చిప్పును మెల్లిగా డబ్బాలో పెట్టి, కాఫీ తాగి, తిరుమల బస్సు వేళలు అడిగి వెళ్ళిపోయారు. కెమెరా సంచీ జిప్పు కూడా తీయలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

కొన్ని నెలలకు పుస్తకం పోస్టులో వచ్చింది, మర్యాదకు పంపినట్టున్నారు. ఊదా పింగాణీ పేజీలో పుణేలోని రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన చిప్పు నిగనిగలాడుతోంది. కింద ఆయన పేరు. ఆ పేజీ మూల మడిచి, పుస్తకం పట్టుకుని మళ్ళీ కాళహస్తి వెళ్ళాను. నువ్వు చేసిన పని చూడు అని నాయన ముందు పడేయాలనే వెళ్ళాను. అబద్ధమెందుకు, ఆయన బాధపడితే చూడాలనుకున్నాను.

నాయన నీళ్ళతో చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ఇంగ్లీషు చదవలేడు. ఫోటో మీద వేలు పెట్టి, "నీదే కదా ఇది? నీ పేరు యాడుండాది?" అన్నాడు. ఆ ముఖంలో అంత ఆశ నేను ఎన్నడూ చూడలేదు, నా పెళ్ళిలో కూడా.

పుణే ఆయన పేరు మీద నా వేలు పెట్టాను.

"ఈడ నాయనా."

ఆయన ఆ అక్షరాలను అటునుంచి ఇటు తడిమాడు. పక్క కొట్టు ఆచారిని కేకేసి పిలిచి, మా పాప పేరు సూడప్పా అని చూపించాడు. ఆచారి కూడా చదవలేడు, తలూపాడు. అతను వెళ్ళాక నాయన పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి, చాలా రోజుల బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"అయితే నేను రుద్దినందుకు ఏం కాలేదన్న మాట."

ఏం కాలేదు నాయనా, అన్నాను.