పరుపుల గదిలో సన్నాయి

మా నాన్న సన్నాయి ఊదేవారు. అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే డోలు, సన్నాయి మా వీధి నుంచే వెళ్ళేవి. మేం నూర్‌బాషాలం, అంటే దూదేకుల ముస్లింలం. పెళ్ళిళ్ళ కాలంలో సన్నాయి, మిగతా రోజుల్లో దూది ఏకి పరుపులు కుట్టడం, ఇవే మా ఇంటి పనులు. నాన్న పొద్దున్నే రాములవారి గుడిలో మేలుకొలుపు ఊది వచ్చి, టీ తాగి, పరుపు ముందు కూర్చునేవారు. అందులో వింతేముందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

నేను మాత్రం సన్నాయి పట్టలేదు. కీబోర్డు పట్టాను. తొంభైల చివర్లో మా వైపు పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రాలు రావడం మొదలైంది. ఆ కీబోర్డులో ఒక బటన్ నొక్కితే సన్నాయి కూడా పలికేది. ముక్కుదిబ్బడ పట్టినవాడు ఏడ్చినట్టుండేది. ఒక రిసెప్షన్‌లో నేనది వాయిస్తుంటే, ముహూర్తానికి ఊది అలిసిపోయిన నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని విన్నారు. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాణ్ణి.

ఆ కీబోర్డులోకి నాన్న సన్నాయినే ఎక్కించాలని అప్పుడే అనుకున్నాను. గుంటూరులో మూసేస్తున్న ఒక రికార్డింగ్ గది నుంచి నాలుగు శబ్దాలు విడివిడిగా ఎక్కించుకునే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు తెచ్చుకున్నాను. దాని పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అందులోనూ సగం పేజీలు లేవు. ఎవరినైనా అడగడం నాకు నామోషీ. ఒక ట్రాకు విని దాని మీదికి రెండోది ఎక్కించబోయి మొదటిది చెరిపేసుకునేవాణ్ణి. రికార్డరు మీటరు ముల్లు ఎరుపులోకి పోతే శబ్దం చిట్లిపోతుందని తెలియడానికి ఎన్ని క్యాసెట్లు పాడయ్యాయో చెప్పలేను. కొన్నేళ్ళకి కంప్యూటరు, దానికి తగిలించే కీబోర్డు వచ్చాయి. ఒక్కో స్వరం విడిగా రికార్డు చేసి ఒక్కో మీటకి తగిలిస్తే, ఆ మీట నొక్కినప్పుడల్లా ఆ శబ్దమే పలుకుతుంది. ఆ పని నేర్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఈలోగా నాన్న ముందు పళ్ళు ఆరు కదిలాయి. చిగుళ్ళు వాచి చీము పట్టిందనీ, ఆరూ తీసేయాలనీ డాక్టరు చెప్పాడు. వారం గడువిచ్చాడు. సన్నాయి మొనకుండే చిన్న రెల్లుముక్కని పెదాలతో నొక్కి పట్టాలి. పెదాల వెనక ముందు పళ్ళు లేకపోతే ఆ పట్టు నిలవదు. కట్టుడు పళ్ళతో ప్రయత్నించిన వాళ్ళెవరూ మళ్ళీ ముహూర్తానికి ఊదలేదని నాన్నకు తెలుసు. నాన్న ఊదడానికి ఇంకా వారమే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

నేను గది సిద్ధం చేశాను. బయటి శబ్దం రాకూడదని, లోపలి శబ్దం గోడలకి తగిలి తిరిగి రాకూడదని పుస్తకంలో చదివాను. మాకు దూదికి కొదవా! నాలుగు గోడలకీ పరుపులు నిలబెట్టాను. తలుపుకి ఒకటి, పైన తాళ్ళు కట్టి రెండు, కింద రెండు. ఆ గదిలో చప్పట్లు కొడితే చేతులు కలిసినట్టే అనిపించేది కాదు. ఇంత మంచి గది గుంటూరులో కూడా లేదని మురిసిపోయాను.

నాన్న లోపల కూర్చుని ఒక్క స్వరం ఊది ఆపేశారు. మళ్ళీ ఊదారు, మళ్ళీ ఆపారు.

"ఊదింది ఊదినట్టే పోతందిరా. తిరిగి రావట్లా" అన్నారు.

"మెషీన్‌కి అట్టాగే కావాలి నాన్నా."

"నాకేం వినపడకపోతే నేనేం ఊదేది?"

"నేను వింటన్నాగా హెడ్‌ఫోన్‌లో."

నాన్న మళ్ళీ సన్నాయి ఎత్తారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. నాకు కావలసింది కదలకుండా నిలిచే స్వరం. సా అంటే సా. నాన్న చిన్నప్పటి నుంచీ ఏ స్వరాన్నీ అలా ఒంటరిగా వదిలింది లేదు. పక్క స్వరాన్ని తాకి రావాలి, కొంచెం ఊగాలి. ఊగినప్పుడల్లా నేను చెయ్యెత్తి ఆపేవాణ్ణి. "తిన్నగా నాన్నా, తిన్నగా." యాభై ఏళ్ళు ఊదిన మనిషికి నేను ఊదడం నేర్పుతున్నాను. రెల్లుముక్క మీద నెత్తురు మరక కనిపించింది. తుడిచి ఇచ్చి మళ్ళీ ఊదమన్నాను. అలా నాలుగు రోజులు.

పళ్ళు తీయించుకునే ముందు రోజు సాయంత్రం నాన్న సన్నాయి తీసుకుని బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. ఊదమని ఎవరూ అడగలేదు. కాసేపు తడుముకుని ఒక రాగం అందుకున్నారు. ఎదురింటి డాబా గోడకి తగిలి సన్నాయి మా ఇంట్లోకి తిరిగొచ్చింది. మిరపకాయ టిక్కీల బస్తాలు వేసుకుని వెళ్ళే ట్రాక్టరు ఆగిపోయింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. గంటకు పైగా ఊదారు.

నేను పరుపుల గదిలో ఫైళ్ళకి పేర్లు పెట్టుకుంటున్నాను. రికార్డు చేయాలనే ఆలోచన రాకపోలేదు. వచ్చింది. మైకు వైరు అరుగుదాకా రాదు, పైగా బయట ట్రాక్టర్లు, కుక్కలు, పిల్లల గోల, ఈ రొదలో ఏం పనికొస్తుందిలే అనుకున్నాను. ఆ గదిలో కూర్చుని అనుకున్న ఆ ఒక్క మాటకి నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు. నాన్న మళ్ళీ సన్నాయి పట్టలేదు.

స్వరాలు మీటలకి తగిలించాను. నాన్న ఊపిరి కాసేపే ఉంటుంది, పాటకి అది చాలదు. అందుకని ప్రతి స్వరాన్నీ మధ్యలో కత్తిరించి, ఆ ముక్కే తిరిగి తిరిగి పలికేట్టు లూపు వేశాను. అతుకు తెలియకుండా వేయడం వచ్చినందుకు గర్వపడ్డాను. నాన్నను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆయన ఒక వేలితో సా నొక్కారు. బోసినోటితోనే బుగ్గలు నిండాయి. ఊదేటప్పుడు పట్టినట్టే ఊపిరి పట్టారు. స్వరం పలుకుతూనే ఉంది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఇక పట్టలేక ఊపిరి వదిలేశారు. స్వరం ఇంకా పలుకుతోంది.

"ఇదెప్పుడు ఆగుద్దిరా?" అని అడిగారు.

"వేలు తీస్తే ఆగుద్ది నాన్నా."

వేలు తీశారు. "శబ్దం నాదే" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మామూలుగా పరుపులు కుట్టుకున్నారు. నేను ఆ స్వరాల్ని ఏ పెళ్ళిలోనూ వాయించలేకపోయాను.

నాన్న పోయాక చాన్నాళ్ళకి ఆ ఫైళ్ళు తెరిచి లూపులన్నీ తీసేశాను. కత్తిరించి పక్కన పెట్టిన చివర్లు మళ్ళీ కలిపాను. ఇప్పుడు ఏ మీట నొక్కినా నాన్న ఊపిరి ఉన్నంతసేపే పలుకుతుంది. కింది సా చాలాసేపు ఉంటుంది. పై సా చివరి రోజుది, నాలుగు సెకన్లే. అది ఆగిపోయాక దూదిలో మునిగినట్టు నాన్న దగ్గు, ఆ వెంటనే నా గొంతు వినిపిస్తాయి.

"ఇంకొంచెం నాన్నా."